శ్రమ - విరామం - వినోదం
(ఉద్యోగుల వినోద కార్యక్రమాలను గురించి ఒక పరిశీలన)

తెలుగులో మనం వాడే 'వినోదం' అనే మాట సంస్కృతం నుండి వచ్చినది. దాని ధాతువుకు తొలగించటం, పారద్రోలటం అని అర్థం. అలసటను, దిగులును పారద్రోలేది వినోదం. ఉర్దూలో ఇదే అర్థంలో వాడే 'తఫ్రీహ్' అనే మాట అరబీ భాషలో సంతోషాన్ని తెలిపే 'ఫరహ్' నుండి పుట్టినది. ఒక మాట బాధను తొలగించటాన్ని చెప్పుతుంది, రెండవది సంతోషాన్ని కలిగించటాన్ని చెప్పుతుంది. రెండూ కలిస్తేనే అర్థం సమగ్రమవుతుంది. ఈ రెండు భాషలు పక్కపక్కనే వినిపించే మన కళాశాలలో చదువుతున్న విద్యార్థినీ విద్యార్థులు రేపు ఏదో ఒక కార్యాలయంలోనో, కర్మాగారంలోనో ఉద్యోగాలలో చేరవలసినవారే. కావున ఉద్యోగుల కోసం సంస్థలు నిర్వహించే వినోద, సాంఘిక కార్యక్రమాల స్వరూప స్వభావాలను గురించి వారు కొంత తెలుసుకోవటం అవసరమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆటల పోటీలు, క్లబ్బులు, గ్రంథాలయాలు, పఠన మందిరాలు, నాటక ప్రదర్శనలు, విహారయాత్రలు, కుటుంబ సమ్మేళనాలు, వార్షికోత్సవాలు, పండుగ కలయికలు - ఇవన్నీ ఈ కోవకు చెందినవే. వీటికి యాజమాన్యం డబ్బు ఖర్చు పెడుతుంది. లాభనష్టాలు లెక్క వేసుకొనే సంస్థ ఈ ఖర్చు ఎందుకు పెడుతున్నది? ఇది దయయా, వ్యాపార నీతియా, లేక ఉద్యోగి హక్కా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి.

పాశ్చాత్య దేశాల అనుభవం

యంత్రయుగం ఆరంభంలో కార్మికునికి తీరిక అన్నదే లేదు. తెల్లవారు జామున మిల్లులోకి వెళ్ళినవాడు చీకటి పడిన తరువాత బయటికి వచ్చేవాడు. అటువంటి కాలంలో స్కాట్లండులోని న్యూలానార్క్ నూలు మిల్లును నడిపిన రాబర్ట్ ఓవెన్ 1816 జనవరి 1న తన కార్మికుల కోసం ఒక విద్యా మందిరాన్ని ప్రారంభించాడు. పగలు పిల్లలకు బడి. సాయంత్రం పెద్దలకు తరగతులు, ఉపన్యాసాలు, సంగీతం, నృత్యం. మనిషి స్వభావం అతడు పెరిగే పరిసరాలను బట్టి రూపొందుతుందని ఓవెన్ విశ్వసించాడు. ఆయన పనిగంటలను కూడ తగ్గించాడన్నది ఇక్కడ ముఖ్యం. తీరిక ఇవ్వకుండా వినోదం ఇవ్వటం సాధ్యం కాదు కదా!

ఇంగ్లండులో చాకొలెట్లు తయారు చేసే కాడ్బరీ కుటుంబంవారు 1879లో తమ కర్మాగారాన్ని బర్మింగ్‌హాం నగరం నుండి శివార్లలోని పచ్చిక బయళ్ళకు తరలించారు. ఆ చోటుకు బోర్న్‌విల్ అని పేరు పెట్టారు. అక్కడ క్రీడాస్థలాలు, ఉద్యానవనాలు, ఈతకొలను ఏర్పరచారు. స్త్రీలకు కూడ ఆటలకు అవకాశం కల్పించారు. కాని వారు మద్యపానాన్ని నిషేధించే క్వేకరు సంప్రదాయానికి చెందినవారు కావటం వలన ఆ గ్రామంలో మద్యశాలలకు తావు ఇవ్వలేదు. ఇచ్చేవాని ఇష్టాయిష్టాలు పుచ్చుకొనేవాని జీవితంలోకి ఎలా ప్రవేశిస్తాయో దీనివలన తెలుస్తున్నది.

ఈ ప్రవేశం హద్దు దాటితే ఏమవుతుందో అమెరికాలోని పుల్‌మన్ పట్టణం చూపినది. రైలు పెట్టెలు తయారుచేసే జార్జి పుల్‌మన్ 1880 దశకంలో షికాగో నగరం పక్కన తన కార్మికుల కోసం ఒక పట్టణాన్నే నిర్మించాడు. గ్రంథాలయం, నాటకశాల, ఆటస్థలాలు, పూలతోటలు అన్నీ అందులో ఉన్నవి. చూడవచ్చినవారు ఆదర్శ పట్టణమని మెచ్చుకొన్నారు. కాని ఇళ్ళూ కంపెనీవే, అంగళ్ళూ కంపెనీవే. 1893లో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు కంపెనీ జీతాలు తగ్గించినది. ఇంటి అద్దెలు మాత్రం తగ్గించలేదు. 1894లో అక్కడ చెలరేగిన సమ్మె అమెరికా రైల్వేలను స్తంభింపజేసినది. ప్రభుత్వం సైన్యాన్ని దింపవలసి వచ్చినది. చివరకు 1898లో ఇల్లినాయిస్ రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం ఆ పట్టణాన్ని కంపెనీ వదులుకోవాలని తీర్పు చెప్పినది. కడుపు నిండని కార్మికుణ్ణి నాటకశాల సంతృప్తి పరచలేదు.

మరొక సంఘటన మరింత విషాదకరమైనది. 1915 జూలై 24న వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీ ఉద్యోగులు కుటుంబాలతో సహా వార్షిక విహారయాత్రకు బయలుదేరారు. షికాగో నదిలో రేవుకు కట్టి ఉండగానే 'ఈస్ట్‌లండ్' అనే ఓడ పక్కకు ఒరిగిపోయినది. 844 మంది మరణించారు. వినోదానికి పిలిచినవారు ప్రాణరక్షణను గురించి కూడ ఆలోచించాలన్నది ఆ దుర్ఘటన నేర్పిన పాఠం. బస్సులో పట్టినంతమందిని కుక్కి విహారయాత్రకు బయలుదేరే మనవారు కూడ దీనిని గుర్తుంచుకొనవలసి ఉన్నది.

మన దేశంలో

మన దేశంలో వారానికొక సెలవు కూడ అడిగి సాధించుకొన్నదే. బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికులను సమీకరించి సంఘం స్థాపించాడు. 1890లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు అంగీకరించారు. ఈనాడు మనం అనుభవించే ఆదివారం సెలవు వెనుక ఆ నూలు కార్మికుల పట్టుదల ఉన్నది.

పారిశ్రామికవేత్తలలో దూరదృష్టి గలవారు కూడ లేకపోలేదు. జంషెడ్జీ టాటా 1902లో తన కుమారుడు దోరాబ్‌కు వ్రాసిన లేఖలో, ఇంకా పుట్టని ఉక్కునగరం ఎలా ఉండాలో వివరించాడు. విశాలమైన వీథులు, నీడనిచ్చే చెట్లు, తోటలు, ఫుట్‌బాల్, హాకీ ఆటలకు పెద్ద మైదానాలు ఉండాలన్నాడు. హిందువులకు దేవాలయాలు, ముస్లింలకు మసీదులు, క్రైస్తవులకు చర్చీలు కట్టుకొనటానికి స్థలాలు కేటాయించాలన్నాడు. ఆ నగరమే జంషెడ్‌పూర్. అక్కడి ఉక్కు కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలు చేశారు. ఉత్తరాంధ్ర నుండి అక్కడికి, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు బ్రతుకుతెరువు కోసం వలస వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి.

చట్టం ఏమంటున్నది?

1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఒక చక్కని నియమం ఉండేది. యజమాని కార్మికుని మీద వేసే జరిమానా సొమ్మును తాను దాచుకొనరాదు. దానిని కార్మికులకు మేలు చేసే పనులకే వినియోగించాలి. 1947 నాటి బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి చట్టం బొగ్గుపై సుంకం వసూలు చేసి, దానిని గని కార్మికుల ఇళ్ళకు, ఆరోగ్యానికి, విద్యకు, వినోద సౌకర్యాలకు వినియోగించాలని చెప్పినది. 1951 నాటి తోట కార్మికుల చట్టం వినోద సౌకర్యాలను ప్రత్యేకంగా పేర్కొన్నది. 1948 నాటి కర్మాగారాల చట్టం వారానికి 48 పనిగంటలు, వారానికొక సెలవు నిర్ణయించినది. 250 మందికి మించిన చోట క్యాంటీను, 150 మందికి మించిన చోట విశ్రాంతి గది, 500 మంది లేక అంతకుమించిన చోట సంక్షేమాధికారి ఉండాలన్నది.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చి, ఈ పాత కర్మాగారాల చట్టం స్థానాన్ని ఆక్రమించినది. క్యాంటీను విషయంలో ఇది 100 మంది అన్నది; ఆ లెక్కలో ఒప్పంద కార్మికులను కూడ చేర్చినది. ఇది గమనింపదగిన మార్పు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1924లోనే కార్మికుల తీరిక సమయాన్ని గురించి ఒక సిఫారసు చేసినది. ప్రత్యక్షంగా గాని, పరోక్షంగా గాని బలవంత పెట్టే ఏ పథకం నుండి అయినా కార్మికుని స్వేచ్ఛను కాపాడాలని అందులో హెచ్చరించినది. 1956లో సంక్షేమ సౌకర్యాలపై చేసిన మరొక సిఫారసులో, వినోద కార్యక్రమాలలో పాల్గొనవలసిన నిర్బంధం ఏ కార్మికునికీ ఉండరాదని స్పష్టంగా చెప్పినది. ఈ ఒక్క మాట మనం పట్టుకొంటే తక్కిన విషయాలు సులభంగా బోధపడుతవి.

మన ప్రాంతంలో

మన ప్రాంతంలో ఈ కార్యక్రమాలకు మంచి చరిత్రయే ఉన్నది. ఇల్లెందు ప్రాంతంలో 1889లో బొగ్గు త్రవ్వకం మొదలైనది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. ఆ తేదీనే కంపెనీ 'సింగరేణి దినోత్సవం'గా జరుపుకొంటున్నది. కొత్తగూడెం, మందమర్రి వంటి గని పట్టణాలలో కార్మికుల క్లబ్బులు వెలిసినవి. భూగర్భంలో చీకటిలో పనిచేసి పైకి వచ్చిన మనిషికి నలుగురు కూర్చొనే వెలుతురు చోటు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. విశాఖపట్నం ఉక్కు కర్మాగారంతో పాటు ఉక్కునగరంలో క్లబ్బు, స్టేడియం కూడ నిర్మించారు.

రైల్వేల సంగతి మరొకటి. విజయవాడ, కాజీపేట వంటి రైల్వే కేంద్రాలలో ఇన్‌స్టిట్యూట్ అనే పేరుతో ఉద్యోగుల క్లబ్బులు ఉన్నవి. బ్రిటిషు పాలనలో అనేక చోట్ల యూరోపియన్ల ఇన్‌స్టిట్యూట్ వేరు, భారతీయుల ఇన్‌స్టిట్యూట్ వేరు. స్వాతంత్ర్యానంతరం ఆ భేదం పోయినది. కాని అధికారుల క్లబ్బు వేరుగాను, కార్మికుల క్లబ్బు వేరుగాను ఉండే పద్ధతి అనేక పరిశ్రమలలో మిగిలిపోయినది.

ఆటల విషయానికి వస్తే హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును స్మరించకుండా ఉండలేము. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం ఆ జట్టుకు శిక్షకుడు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు ఆ జట్టు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచినది. భారత జట్టుకు కూడ ఆయనే శిక్షణ ఇచ్చాడు. 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం ఆయన శిక్షణలో లభించినవే. ఉద్యోగం దొరకటం వలన బీద కుటుంబాల బాలురకు ఆట మానవలసిన అవసరం కలుగలేదు. ఒక శాఖ క్రీడను పోషిస్తే ఎంతటి ఫలితం రాగలదో చూపటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

అయితే ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. పదకొండు మంది మేటి ఆటగాళ్ళను పోషించటం వేరు, పదకొండు వందల మంది ఉద్యోగులకు ఆడుకొనే అవకాశం ఇవ్వటం వేరు. మొదటిది సంస్థకు కీర్తి తెస్తుంది. రెండవది ఉద్యోగికి ఆరోగ్యం ఇస్తుంది. మొదటిది చూపించి రెండవది కూడ చేశామని చెప్పుకొనరాదు.

ఇంకొక విషయం. శ్రామికుని వినోదమంతా యజమాని దయతోనే పుట్టినది కాదు. ప్రజానాట్యమండలి బుర్రకథలు, షేక్ నాజర్ గానం, కార్మికోద్యమ నాయకుడైన కవి మఖ్దూం మొహియుద్దీన్ కవిత్వం ఏ కంపెనీ ఖర్చుతోను వచ్చినవి కావు. ప్రజలకు తమ పాట తమకు ఉన్నది. యాజమాన్యం ఇవ్వగలిగినది ఆ పాటకు తీరిక, చోటు మాత్రమే.

నేను చూచిన క్లబ్బు

ఇక్కడ కొంత స్వవిషయం చెప్పటానికి పాఠకులు అనుమతించాలి. మా తండ్రిగారు ఒక నూలు మిల్లులో పనిచేసేవారు. ఆ మిల్లు క్లబ్బులో ఒక క్యారంబోర్డు, ఒక పఠన మందిరం ఉండేవి. బల్ల మీద ఒక ఉర్దూ దినపత్రిక, రెండు తెలుగు దినపత్రికలు, బీరువాలో ఓ రెండువందల పుస్తకాలు. ఇంట్లో మేము ఉర్దూ మాట్లాడేవారం. తెలుగు అక్షరాలు బడిలో నేర్చినా, తెలుగు చదవటంలోని రుచి నాకు తెలిసినది ఆ బల్ల దగ్గరనే. క్లబ్బు చూచుకొనే తాత కార్మికుల పిల్లలను గదిమి పంపేవాడు కాడు. 'చేతులు కడుక్కొని రా బిడ్డా, పుస్తకం ఇస్తా' అనేవాడు. నేను ఈనాడు తెలుగు బోధిస్తున్నానంటే ఆ బీరువా ఋణం ఎంతో ఉన్నది.

అదే క్లబ్బును గురించి మరొక జ్ఞాపకం కూడ ఉన్నది. ఒక సంవత్సరం వనభోజనాన్ని వారపు సెలవునాడు ఏర్పాటు చేశారు. అది రంజాన్ మాసం. తాను ఉపవాసంలో ఉన్నానని, రాలేనని మా తండ్రిగారు చెప్పారు. హాజరుపట్టీ వేస్తారని, రానివారి పేర్లు పైకి వెళ్ళుతవని పై ఉద్యోగి అన్నాడట. ఆయన వెళ్ళి పగలంతా చింతచెట్టు కింద కూర్చొని వచ్చారు. తోటి కార్మికుడొకడు తన వంతుతోపాటు మా తండ్రిగారి వంతు భోజనం కూడ జాగ్రత్తగా కట్టి సాయంత్రానికి ఇంటికి తెచ్చి ఇచ్చాడు. ఆ మిత్రుని ఆదరణలో ఉన్న స్నేహం ఆ హాజరుపట్టీలో లేదు.

ఆ తరువాత కొద్దికాలానికి మిల్లు వార్షికోత్సవాన్ని ఎన్నడూ లేనంత వైభవంగా జరిపారు. రంగుల దీపాలు, పాటకచేరీ, అందరికీ స్టీలు టిఫిను డబ్బాలు. మేము పిల్లలం ఎంతో సంతోషించాము. మరుసటి సంవత్సరం మిల్లు మూతపడినది. అప్పుడు తెలిసినది, కార్మికుల జీతాల నుండి కోసుకొన్న భవిష్యనిధి సొమ్మును చాలా నెలలుగా యాజమాన్యం జమ చేయనే లేదని. ఆ సొమ్ము కోసం మా తండ్రిగారు ఎన్ని సంవత్సరాలు తిరిగారో నేను చూచాను. ఆ టిఫిను డబ్బా ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది.

పఠన మందిరాన్ని ఇచ్చినదీ, హాజరుపట్టీ వేసినదీ, భవిష్యనిధిని దాచినదీ ఒకే సంస్థ. కనుక ఈ కార్యక్రమాలు మంచివా, చెడ్డవా అని ఒక్క మాటలో తేల్చటానికి వీలులేదు. అవి ఏ పద్ధతిలో జరుగుతున్నవో చూడాలి.

నేటి స్థితి

1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఉద్యోగ ప్రపంచం రూపు మారినది. ఈనాటి కంపెనీ భవనాలలో వ్యాయామశాల, టేబుల్ టెన్నిస్ బల్ల కనిపిస్తవి. బతుకమ్మ, దీపావళి, ఇఫ్తార్, క్రిస్మస్ కలయికలు జరిపే సంస్థలూ ఉన్నవి. వివిధ ప్రాంతాల నుండి వచ్చి ఒంటరిగా ఉండే యువతీ యువకులకు ఇవి ఊరట కలిగిస్తవి. పరస్పర పరిచయం పెరిగితే పనిలో సహకారం పెరుగుతుంది. ఉద్యోగం వదలి వెళ్ళిపోవటం తగ్గుతుందని యాజమాన్యాలు ఆశిస్తవి. ఇందులో తప్పేమీ లేదు. ఉభయులకూ మేలు చేసేది వ్యాపార నీతి అయినా మంచిదే.

కాని రాత్రి పొద్దుపోయే వరకు పనిచేయించుకొని, మిగిలిన ఒక్క సెలవు దినాన్ని కూడ సామూహిక విహారానికి తీసుకొంటే అది వినోదం కాదు, మరొక పని. ఇంట్లో పసిబిడ్డ ఉన్న తల్లికి సాయంకాలపు విందు కంటె సాయంకాలం ఇంటికి చేరటమే పెద్ద వినోదం. మద్యం ఉన్న విందులో కూర్చొనటానికి ఇష్టపడని ఉద్యోగి కలివిడితనం లేనివాడుగా లెక్కకు రాకూడదు. ఇక అదే భవనంలో నేల తుడిచేవారు, కాపలా కాచేవారు, క్యాంటీనులో వడ్డించేవారు వేరే గుత్తేదారు మనుషులు కావటం వలన ఆ పండుగలలో పనివారుగానే మిగిలిపోతున్నారు.

మేలైన పద్ధతి ఏది?

పైన చెప్పిన అనుభవాలను బట్టి కొన్ని సూత్రాలు ఏర్పరచుకొనవచ్చును.

1. వినోదం జీతానికి బదులు కాదు. న్యాయమైన వేతనం, భవిష్యనిధి, పరిమితమైన పనిగంటలు ముందు. ఆటలు, పాటలు తరువాత.

2. పాల్గొనటం, పాల్గొనకపోవటం ఉద్యోగి ఇష్టం. హాజరుపట్టీ ఉన్న చోట వినోదం ఉండదు.

3. నిర్వహణ ఉద్యోగులు ఎన్నుకొన్న సంఘం చేతిలో ఉండాలి. ఖర్చు లెక్క అందరికీ తెలియాలి. ఏ రోజున, ఏ భోజనంతో, ఏ కార్యక్రమం జరపాలో అనుభవించేవారే నిర్ణయించుకొంటే అనేక తగవులు పుట్టనే పుట్టవు.

4. తలుపు అందరికీ తెరచి ఉండాలి. స్త్రీ పురుష భేదం, అధికారి కార్మికుల భేదం, శాశ్వత ఉద్యోగి ఒప్పంద ఉద్యోగి భేదం లేకుండా చూడాలి.

5. ఒకనాటి ఉత్సవం కంటె నిత్యం తెరచి ఉండే పఠన మందిరం మేలు. దీపాల వెలుగు ఒక్క రాత్రితో ఆరిపోతుంది. పుస్తకాల బీరువా ఒక తరాన్ని మలచగలదు.

6. ప్రయాణాలలో, ఆటలలో భద్రత యాజమాన్యం బాధ్యత.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు ఉద్యోగులు కావచ్చును, కొందరు నలుగురికి ఉద్యోగమిచ్చే స్థానంలో ఉండవచ్చును. ఉద్యోగులైతే వినోదాన్ని సంతోషంగా స్వీకరించండి. కాని జీతపు చీటీని, భవిష్యనిధి లెక్కను కూడ చదవటం మరువకండి. ఉద్యోగమిచ్చేవారైతే, మీరు ఇచ్చేది భిక్ష కాదని, మీ సంస్థ కోసం ఖర్చయిన వారి జీవితంలో కొంత భాగాన్ని వారికి తిరిగి ఇస్తున్నారని గుర్తుంచుకొనండి.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక మనవి. మన కళాశాల కూడ కొందరికి యజమానియే. ప్రతి సంవత్సరం వార్షికోత్సవంనాడు కుర్చీలు మోసి, షామియానా కట్టించి, మంచినీళ్ళు అందించే అటెండర్లు, ఆయాలు, తోటమాలి కార్యక్రమం ముగిసేవరకు నిలబడే ఉంటారు. ఈ సంవత్సరం ఆ కుర్చీలలో కొన్ని వారికోసం, వారి కుటుంబాల కోసం కేటాయించి, ఆ ఒక్క సాయంత్రం విద్యార్థులమూ అధ్యాపకులమూ మంచినీళ్ళు అందిస్తే బాగుంటుంది. మన గ్రంథాలయంలో వారి పిల్లలకు సాయంకాలం ఒక గంట చదువుకొనే అనుమతి ఇస్తే మరింత బాగుంటుంది. దీనికి పెద్ద ఖర్చు కాదు. చేతులు కడుక్కొని వచ్చిన బిడ్డకు పుస్తకం ఇచ్చే పని నేను స్వయంగా చేయటానికి సిద్ధంగా ఉన్నాను.